ఆదివారపు గడ్డి

మార్లూస్ డెక్కర్ నాకు చేసిన అన్యాయానికి తను పెట్టుకున్న పేరు సాయం. మా ఊరు హాసెల్‌బ్రూక్‌లో ఎవర్నైనా అడగండి, ఆమెది మంచి మనసంటారు. దారిలో ఆమెని చూసి మొహం తిప్పుకునేవాళ్ళు కూడా ఆ మాటే అంటారు. మంచి మనసే కావచ్చు. నా ఇంట్లో చిచ్చు పెట్టింది ఆ మంచి మనసే. ఆమె నా కంచె పీకేసి ఉంటే, నా కుక్కని కొట్టి ఉంటే, నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాణ్ణి. మేలు చేసినవాళ్ళని ఏమని తిట్టాలో నాకెవరూ నేర్పలేదు. బడిలో నేర్పుతారేమో. నేను పద్నాలుగో ఏటే బడి మానేసి మా నాన్న ఆవుల పక్కన పీట వేసుకున్నాను.

మార్లూస్, ఇమ్కె అనే ఆ ఆడవాళ్ళిద్దరూ ఆమ్‌స్టర్‌డామ్ వదిలి వచ్చి, మా కాలవ అవతలి ఇల్లు కొనుక్కుని అప్పటికి మూడేళ్ళు. నలభై మేకల్ని పెట్టుకుని చీజ్ చేసి అమ్మేవాళ్ళు. ఇద్దరూ ఒకరినొకరు పెళ్ళాడినవాళ్ళు. మా చర్చి సంఘంలో ఆ సంగతి నోటితో పలకరు. మొదటిసారి విన్నప్పుడు మా ఆవిడ హిల్లె గిన్నె తుడుస్తూ, "మరి ఆ ఇంట్లో గిన్నెలెవరు తోముతారో" అంది. అంతే. నేనైతే ఆ మాటా అనలేదు. పొద్దున పూట కాలవ అవతల కనిపిస్తే టోపీ ఎత్తేవాణ్ణి. మేం ఏ పనీ ముట్టని ఆదివారం నాడు వాళ్ళు బట్టలు ఉతికి తీగ మీద ఆరేసుకుంటే మా కిటికీ తెర మూసేవాణ్ణి. వాళ్ళ దారిన వాళ్ళు, నా దారిన నేను. మనిషికి మనిషి ఇంతకన్నా ఏం ఇవ్వాలో నాకు తెలియదు.

ఆ ఏడు జూన్ అంతా వానలే. ఊరంతా గడ్డి కోయలేక కూర్చుంది. నాకు ఇరవై ఆరు ఆవులు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా అవి కొట్టంలోనే కట్టి ఉంటాయి. ఆ ఆరు నెలలూ వాటి నోటికి అందేది కాలవ గట్టున ఉన్న మా గడ్డి నేలలోంచి వచ్చే మొదటి కోతే. రెండో కోత వస్తే వస్తుంది, లేకపోతే లేదు. బుధవారం కాస్త తెరిపిచ్చింది. తెగించి కోసేశాను. గురు, శుక్రవారాలు తిరగేశాను. శుక్రవారం సాయంత్రం చిన్న జల్లు పడి మళ్ళీ తడిపింది. శనివారం మబ్బు. సాయంత్రం ఆరింటికి ఒక పిడికెడు తీసి మెలిపెట్టి చూస్తే, ఇంకా మెత్తగా, చల్లగా ఉంది. కట్టలు కడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఇంకొక్క పూట ఎండ కావాలి.

హిల్లె గేటు దగ్గర బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. కాలవ మీద వేసిన పలక దాటి మార్లూస్ వచ్చింది, కాళ్ళకి నల్ల రబ్బరు బూట్లు, మగవాడి చొక్కా. ఆమె అందరినీ మొదటి రోజు నుంచీ నువ్వనే అంటుంది, మా పాస్టరు గారిని కూడా.

"ఏంటి హార్మ్, ఎండలేదా?"

"లేదు."

"రేపు మంచి ఎండంట. గాలి కూడా ఉంటుందంట. ఎల్లుండి నుంచి వారం రోజులు ముసురు. రేడియోలో చెప్పారు."

"నేనూ విన్నాను."

"మరి రేపు మధ్యాహ్నం కట్టేయచ్చుగా."

"రేపు ఆదివారం."

"నువ్వు చేయకూడదు, తెలుసు. మాకేం అడ్డు? ఇంటితో పాటు వచ్చిన, గడ్డి కట్టలు కట్టే పాత యంత్రం మా దగ్గర ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి మావాళ్ళు ఆరుగురు వచ్చారు, ఊరికే కూర్చుని వైన్ తాగుతున్నారు. ఒళ్ళొంచి పని చేస్తే వాళ్ళకీ మంచిదే. మేం కట్టి నీ కొట్టంలో వేసేస్తాం. నువ్వు ప్రార్థన చేసుకో, ఆ పని నీది. ఈ పని మాది."

అలా నవ్వుతూ అంది. నేను ఆకాశం వైపు చూశాను. పడమటి వైపు మబ్బు చీలి సన్నగా పసుపు రంగు కనిపిస్తోంది. చేతిలో ఉన్న గడ్డి కింద పడేసి, ప్యాంటుకి చెయ్యి తుడుచుకుని, "ఆవుల్ని పితకాలి" అని కొట్టంలోకి వెళ్ళిపోయాను.

ఇదీ జరిగింది. ఇంతకు మించి ఒక్క మాట లేదు. దీన్ని ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చదువుకున్నారు.

ఆదివారం నిజంగానే ఎండ కాసింది. పొద్దున ఆరాధనకి వెళ్ళి వచ్చాం. మధ్యాహ్నం బంగాళదుంపలు, నిన్న వండిన మాంసం తిన్నాం. ఆదివారం మా ఇంట్లో పొయ్యి మీద కొత్తగా వంట చేయరు, వేడి చేసుకోవడమే. రెండో ఆరాధనకి నల్ల కోటు తొడుక్కుంటుంటే వెనక నుంచి ట్రాక్టరు చప్పుడు మొదలైంది. కోటు గుండీ చేతిలో అలాగే ఉండిపోయింది.

"వాళ్ళ పొలంలోదేమో" అన్నాను.

హిల్లె టోపీ సరిచేసుకుంటోంది. "వాళ్ళకి గడ్డి నేల ఎక్కడుంది?" అంది.

పాటల పుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరాం.

నేను మా చర్చిలో పరిచారకుణ్ణి. పొడవాటి కర్రకి కట్టిన మఖమల్ కానుకల సంచి పట్టుకుని వరస వరసకీ చాచేది నేనే. బ్యాంకు మేనేజరైనా, పెద్ద కామందైనా ఆ సంచి ముందుకొచ్చేసరికి జేబు తడుముకోవాల్సిందే. చదువు లేనివాడికి ఈ ఊళ్ళో దక్కే గౌరవం అదొక్కటే. ఆ రోజు ప్రసంగం గంటంబావు సాగింది. ప్రసంగం వింటూ మావాళ్ళంతా చప్పరించే పెప్పర్‌మెంటు బిళ్ళల్లో నాది రెండోది కూడా కరిగిపోయింది, ఒక్క మాట చెవిన పడలేదు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ నేల మీద జరగడం చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికి సగం అయి ఉంటుంది. ఇప్పటికి ముప్పావు వంతు.

చర్చి విడిచాక ఊరంతా ఇళ్ళకి పోయేది మా పొలం పక్క రోడ్డు మీద నుంచే. నల్ల కోట్లు, నల్ల టోపీలు, చేతుల్లో పాటల పుస్తకాలు, నూట యాభై మంది. మలుపు తిరగ్గానే పాట వినపడింది. రేడియో. తరవాత నేల కనిపించింది. చొక్కాలు విప్పేసిన మగవాళ్ళు ఇద్దరు, నిక్కర్లు వేసుకున్న ఆడవాళ్ళు, ఒకామె జుట్టు నీలం రంగు. కట్టలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి విసురుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. దాదాపు అయిపోయింది. మార్లూస్ ట్రాక్టరు మీద కూర్చుని మమ్మల్ని చూసి చెయ్యెత్తి ఊపింది. ఊరందరికీ ఊపింది.

"హార్మ్! అయిపోవచ్చింది! నీ గడ్డి కొబ్బరి పీచులా ఎండింది!"

నా ముందు నడిచేవాళ్ళు ఎవరూ వెనక్కి తిరగలేదు. వెనక నడిచేవాళ్ళు ఎవరూ మాట్లాడలేదు. అంతమంది నోరు మూసుకుని నడిస్తే రోడ్డు మీద బూట్ల చప్పుడు ఎంత ఉంటుందో ఆ రోజు తెలిసింది. సంఘపెద్ద తెయూనిస్ నా పక్కకి వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, గొంతు పెంచి మాట్లాడ్డం ఎవరూ వినలేదు.

"ఇవాళ మీ పొలం సందడిగా ఉందే, హార్మ్ సోదరా" అన్నాడు.

"నాకేం తెలియదు. వాళ్ళ పని."

"అలాగా" అని, హిల్లెకి టోపీ ఎత్తి ముందుకి వెళ్ళిపోయాడు.

ఆవుల్ని పితికాక కొట్టంలోకి వెళ్ళి చూశాను. పైకప్పు దాకా పేర్చారు, ఆరువందల పైచిలుకు కట్టలు. పట్నం చేతులు పేర్చినవి కదా, వరసలు వంకర. ఒక కట్టలోకి చెయ్యి దూర్చాను. పొడిగా, వెచ్చగా, మంచి వాసన. పదేళ్ళలో అంత మంచి గడ్డి నా కొట్టంలోకి రాలేదు. ఏడింటికి రేకుల మీద వాన మొదలైంది. ఎంతసేపు అక్కడ నిలబడ్డానో చెప్పలేను. సంతోషమేనా అంటే, అది కూడా ఉంది. అబద్ధమెందుకు.

మంగళవారం సాయంత్రం తెయూనిస్, ఇంకో సంఘపెద్ద కలిసి వచ్చారు. హిల్లె ముందుగదిలో కూర్చోబెట్టి కాఫీ పోసింది, మనిషికొక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టింది. వాన గురించి మాట్లాడారు. ఎవరి గడ్డి ఎలా కుళ్ళిందో మాట్లాడారు. తెయూనిస్ సొంత గడ్డి కూడా నీళ్ళలో నల్లబడుతోంది. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు మామూలుగానే ఉంది. తరవాత కప్పు కింద పెట్టాడు.

"సోదరా, ఎవరి మీదా తీర్పు చెప్పడానికి రాలేదు. సంఘంలో కొంతమంది మనసు నొచ్చుకున్నారు. అడిగితే ఏం చెప్పాలో తెలుసుకోడానికి వచ్చాం. ఆ పని నువ్వు చేయించావా?"

"లేదు."

"వాళ్ళు చేస్తారని నీకు తెలుసా?"

"తెలియదు. నన్నెవరూ అడగలేదు. పొరుగువాళ్ళు అవిశ్వాసులు, వాళ్ళకి ప్రభువు దినం అంటే లెక్కలేదు. నా పొలంలో దూరి నన్ను ఊరి ముందు నవ్వులపాలు చేశారు. అసలు మనసు నొచ్చుకోవాల్సింది నేను."

ఆ చివరి మాట బాగా వచ్చిందనుకున్నాను. హిల్లె రెండో కప్పు పోస్తోంది. పాత్ర మూతి తెయూనిస్ కప్పు మీద ఆనించి, తల ఎత్తకుండానే అంది:

"అడిగింది."

తెయూనిస్ ఆమె వైపు తిరిగాడు.

"శనివారం సాయంత్రం. నేను గేటు దగ్గరే ఉన్నాను. కట్టి కొట్టంలో వేస్తామంది. ఈయన ఆకాశం చూసి లోపలికి వెళ్ళిపోయాడు." కాఫీ పోయడం అయిపోయింది. "చక్కెర వేసుకుంటారా?"

"ఒక చెంచా" అన్నాడు తెయూనిస్.

వాళ్ళు ఇంకో పావుగంట కూర్చున్నారు. కీర్తన చదివారు, ప్రార్థన చేశారు. గుమ్మం దగ్గర నేనే అడిగాను, "ఏం చేయమంటారు?" అని. తెయూనిస్ నా భుజం మీద చెయ్యి వేసి, "మేమేం అనం, హార్మ్. నీ మనస్సాక్షితో నువ్వు మాట్లాడుకో" అన్నాడు.

నేను గడ్డితో మాట్లాడుకున్నాను.

"ఎందుకు చెప్పావే?" అన్నాను హిల్లెతో.

"నువ్వు లేదన్నావు కాబట్టి."

"మొగుడి పరువు తీసి వాళ్ళ కప్పులో పోశావు."

"నువ్వు అవునని ఉంటే నేను నోరు తెరిచేదాన్ని కాదు." కప్పులు పళ్ళెంలో పెట్టుకుంది. "పాపం ఆ పిల్ల నీకోసం చేతులు బొబ్బలెక్కించుకుంది. దొంగలా దూరిందన్నావు."

"ఆదివారం పని పాపం."

"ఆదివారం పాలు పితకట్లేదా?"

"అది అవసరం."

"జనవరిలో వాటికి ఆకలేస్తే అది అవసరం కాదా?"

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె నాతో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది అప్పుడే.

బుధవారం పొద్దున కొట్టం తలుపులు రెండూ బార్లా తెరిచాను. వాన పడుతూనే ఉంది. పై వరస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క కట్టా బండి మీద వేసి, తీసుకెళ్ళి ఆ నేలలోనే పారబోశాను. రోడ్డు పక్కనే పోశాను, పోయేవాళ్ళకి కనపడేట్టు. కావాలనే. తాడు కోసేకొద్దీ గడ్డి నీళ్ళు పీల్చుకుని కుంగిపోయేది. మూడో బండికి మార్లూస్ పరుగెత్తుకుంటూ పలక దాటి వచ్చింది.

"ఏం చేస్తున్నావ్? హార్మ్! లోపల బూజు పట్టిందా?"

"లేదు."

"మరి?"

"ఆదివారం గడ్డి నా కొట్టంలో ఉండకూడదు."

ఆమెకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. వర్షంలో మొహం తుడుచుకుంటూ నిలబడింది.

"ఎనిమిది మందిమి చచ్చీ చెడీ చేశాం. ఇమ్కె నడుం పట్టేసి రెండు రోజులుగా మంచం దిగట్లేదు."

"నేను అడగలేదు."

"వద్దనలేదు కూడా."

"నువ్వు ఊరందరి ముందూ చెయ్యి ఊపావు. పాటలు పెట్టావు. బట్టల్లేకుండా మనుషుల్ని నిలబెట్టావు. నా మొహాన ఉమ్మేసినట్టు."

"ఎండగా ఉంటే చొక్కా విప్పారు! అది నీ మొహాన ఉమ్మడమా?" గొంతు లేచింది. "సరే, నీకొద్దు. మాకియ్యి. మేకలు తింటాయి. కొంటాం, ఊరికే వద్దు."

"నా కొట్టంలోకి రాకూడనిది నీ కొట్టంలోకి మాత్రం ఎందుకు రావాలి?"

"మా కొట్టానికి నీ దేవుడితో పనేంటి?"

"అది నువ్వన్నావు, నేననలేదు" అన్నాను. "మూడేళ్ళయింది మీరొచ్చి. మీ ఇద్దరి గురించి నేను ఒక్క మాటన్నానా? చెప్పు. ఒక్కటి."

ఆమె నన్ను చూసింది. కోపం పోయింది ఆ మొహంలోంచి. అది పోయాక వచ్చినదేదో నాకు అంతకన్నా నచ్చలేదు.

"అనలేదు" అంది. "ఒక్క మాట కూడా అనలేదు. ఇంట్లోకి రమ్మని కూడా అనలేదు. ఈ గడ్డి సాకుతోనైనా కాఫీకి పిలుస్తావేమో అనుకున్నాం, పిచ్చివాళ్ళం."

పలక మీదుగా వెళ్ళిపోయింది. సాయంత్రానికి కొట్టం ఖాళీ. చేతులు చీరుకుపోయి రక్తం. హిల్లె ఆ రోజంతా బయటికి రాలేదు. నేను లోపలికెళ్ళేసరికి కోటు వేసుకుని గుమ్మంలో ఉంది, చేతిలో గుడ్డ కప్పిన గిన్నె.

"ఎక్కడికి?"

"ఇమ్కె మంచంలో ఉందంట. సూపు చేశాను."

తరవాత ప్రతి బుధవారం వెళ్ళేది. ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. రోడ్డు పక్కన నా గడ్డి నల్లగా కుళ్ళి, ఆగస్టు వచ్చేసరికి ఊరంతా ముక్కు మూసుకుని పోయేది. రెండో కోత వానల్లో పడి పోయింది.

సెప్టెంబరులో తెయూనిస్ ఒక్కడే వచ్చాడు. ఆవుల దగ్గరే మాట్లాడుకున్నాం. చలికాలం నుంచి సంచి ఇంకొకరు పట్టుకుంటారని చెప్పాడు. నాకు అర్థం కాలేదు.

"కట్టలన్నీ బయట పారబోశానుగా! ఒక్కటి మిగల్చలేదు. మీరే చూశారు."

"చూశాను." ఆయన ఆవు వీపు మీద చెయ్యి పెట్టి నిమురుతున్నాడు. "పారబొయ్యమని మేం చెప్పలేదే, హార్మ్. గడ్డి సంగతి ఎవరు పట్టించుకున్నారు? ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు మర్చిపోయేవాళ్ళు. పెద్దలు అడిగినప్పుడు నువ్వు తెలియదన్నావు. సంగతి అది."

"గడ్డి పారేసేటప్పుడు అయినా చెప్పొచ్చుగా!"

"నీ మనస్సాక్షి చెప్పిందనుకున్నాను" అన్నాడు. ఎగతాళి కాదు. ఎగతాళైతే బాగుండేది.

అక్టోబరులో ఆవుల్ని కట్టేశాను. గడ్డి లేని కొట్టంలో మాట్లాడితే మోగుతుంది. ఆ ఏడు ఎవరి దగ్గరా మిగులు లేదు, బెల్జియం నుంచి వచ్చే గడ్డి ధర వింటే కళ్ళు తిరిగేవి. ఆవుల్ని సగం అమ్మేద్దామన్నాను. వాటిలో పన్నెండు హిల్లె చేతి మీద పుట్టినవి. నవంబరు మొదటి వారంలో మంగళవారం ఆమె సైకిలెక్కి పక్క పట్నం జ్వోల్లె వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చింది. తడిసిన కోటు విప్పకుండానే వంటింటి బల్ల దగ్గర కూర్చుంది.

"మేత రేపొస్తుంది, రెండు లారీలు" అంది. "ఏప్రిల్ దాకా సరిపోతుంది. ఒక్క ఆవునీ అమ్మక్కర్లేదు."

"డబ్బెక్కడిది?"

"కాలవ గట్టు నేల అమ్మాను."

ఆ నేల ఆమెకి తండ్రి ఇచ్చినది. అల్లుడికి హక్కు లేకుండా వీలునామాలో రాసి పోయాడు ముసలాడు. ముప్ఫై ఏళ్ళు దానికి ఎరువు వేసి, కాలవ పూడిక తీసి, ముళ్ళు ఏరినవాణ్ణి నేను. ఆ కాగితం సంగతి ఆ రోజు దాకా మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

"నన్నడగకుండా?"

"అడిగితే ఆకాశం వైపు చూస్తావని."

"ఎవరికి?" అన్నాను. అడగక్కర్లేదు, తెలుస్తూనే ఉంది. కిటికీలోంచి చూస్తే, కాలవ అవతలి వాళ్ళిద్దరూ కొలత తాడు పట్టుకుని ఆ నేల అంచు వెంబడి నడుస్తున్నారు. ఇమ్కె నడుం ఇంకా పూర్తిగా బాగుపడలేదు, ఆగి ఆగి నడుస్తోంది.

"వాళ్ళు తప్ప ఈ ఊళ్ళో ఎవరూ ఈ ఏడు నేల కొనలేరు" అంది హిల్లె. "బేరం కూడా ఆడలేదు."

ఆ చలికాలం ఆవులన్నీ బతికాయి. అప్పట్నుంచి ఈ పన్నెండేళ్ళుగా హిల్లె ఆదివారం మధ్యాహ్నం ఆరాధనకి నాతో రాదు. పొద్దున వస్తుంది, మధ్యాహ్నం పలక దాటి కాఫీకి వెళ్తుంది. నేను చర్చిలో చివరి వరసలో కూర్చుంటాను. సంచి నా ముందుకొచ్చినప్పుడు జేబు తడుముకుంటాను. తిరిగొచ్చేటప్పుడు ఆ నేల పక్క నుంచే రావాలి. అందులో మేకలు తిరుగుతుంటాయి. మార్లూస్ ఇప్పటికీ చెయ్యెత్తి ఊపుతుంది.

నేల అమ్మిన నోటరీ కాగితం నకలు ఒకటి మా బీరువాలో ఉంది. అందులో అంకెలు నాకు నోటికొచ్చు. ఒక్క ఆదివారానికి నాకు పోయింది మూడు హెక్టార్ల నలభై రెండు ఆర్లు, ఆ పైన పదిహేను చదరపు మీటర్లు.